దీవించిన పళ్ళేనికి ఎన్ని పాయింట్లు

విక్టోరియా నర్సుగా పనిచేసే సబ్ సెంటర్ కింద మూడు లంక ఊళ్ళున్నాయి. ఎండాకాలం గట్ల మీంచి నడిచిపోవచ్చు. వానలు పడి కొల్లేరు నిండిందంటే దోనె తప్ప దారి లేదు. తాటిమాను తొలిచి చేసిన ఆ దోనెకి ఎక్కేవాళ్ళ హోదాతో పనిలేదు, బరువుతోనే పని. బుధవారాలూ శనివారాలూ టీకాల డబ్బా భుజాన వేసుకుని లంకలకి పోవడం ఆమె ఉద్యోగంలో సగం. మిగతా సగం రిజిస్టర్లు రాయడం. ఆ రెండో సగమంటే ఆమెకి ఒళ్ళుమంట.

2003 నాటికి ఆమె బరువెంతో ఎవరికీ తెలియదు. ఆసుపత్రి కాటా నూట ఇరవై దాకానే చూపిస్తుంది, ఆమె ఎక్కితే ముల్లు ఆ చివర ఆగిపోయేది. భర్త సాల్మన్ తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో కాటా గుమాస్తా. సరుకు రాని రోజొకటి చూసి, బస్తాలు తూచే కాటా మీద ఆమెని నిలబెట్టి, నూట ఇరవై ఏడు అని తనలో తాను చెప్పుకున్నాడు. పైకి చెప్పలేదు. ఆమే వంగి చూసుకుంది.

ఆ ఏడాది వానల్లో దోనె నడిపే ఏసోబు తల గోక్కుంటూ, "ఏమనుకోకండి అమ్మగారూ. మీరొక ట్రిప్పండి, డబ్బా ఒక ట్రిప్పండి" అన్నాడు. రెండో వారానికి డబ్బాని మాత్రమే తీసుకెళ్ళి, ఆమెని రేవులో వదిలేశాడు. లంకలు వేరే నర్సుకి వేశారు. విక్టోరియా ఆసుపత్రిలో బల్ల ముందు కూర్చుని ఇంకెవరో వేసిన టీకాలకి తను లెక్కలు రాసింది. ఆ మూడు లంకల్లో పదేళ్ళలోపు పిల్లలు సగంమంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. ఎవరు ఏ అమావాస్యకి పుట్టారో, ఎవరికి బొడ్డు మెడకి చుట్టుకుందో ఆమెకి నోటికొచ్చు. వాళ్ళ పేర్లు కాగితం మీద రాస్తూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు.

మరుసటి జనవరిలో హైదరాబాదు వెళ్ళి ఆపరేషన్ చేయించుకుంది. పొట్టని చిన్న కప్పంత మిగిల్చి, పేగుని దానికి కలిపేస్తారు. ఊళ్ళో మాత్రం గాల్ బ్లాడర్లో రాయి అని చెప్పింది. పొట్ట మీద ఐదు చిన్న గాట్లు రెంటికీ ఒకేలా ఉంటాయి కాబట్టి అడిగినవాళ్ళకి చూపించినా ఇబ్బంది లేదు. తిండి ఆపుకోలేక కడుపు కోయించుకుందని అనిపించుకోవడం ఆమెకి ఇష్టం లేకపోయింది. ఇంతవరకూ అది ఆమె సొంత గొడవ. ఎవరికీ నష్టం లేదు.

నష్టం గుడిలో మొదలైంది. ఆమె స్త్రీల సమాజానికి సెక్రటరీ. ఏడాదిలో నలభై కిలోల పైన తగ్గి, పాత జాకెట్లో ఇద్దరు పట్టేలా తయారై వచ్చిన మనిషిని చూసి సంఘమంతా నోరు వెళ్ళబెట్టింది. కృతజ్ఞత పండగ నాడు పాస్టరు నెల్సన్ అయ్యగారు ఆమెని ముందుకి పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. విక్టోరియా లేచి, "నలభై రోజులు గంజినీళ్ళ మీద ఉన్నానండి. ముద్ద ముట్టలేదు. దేవుడే నన్ను నిలబెట్టాడండి" అంది. ఒక్క మాటా అబద్ధం కాదు. ఆపరేషన్ తరవాత ఆమె ముద్ద ముట్టలేదు, గంజినీళ్ళ మీదే ఉంది, పైవాడే నిలబెట్టాడు. డాక్టర్ల ఊసు మటుకు ఎత్తలేదు. అయ్యగారు రెండు చేతులూ ఎత్తి, "ఉపవాస ప్రార్థన శక్తి చూశారా!" అన్నారు. జనం హల్లెలూయా అన్నారు. ఆమె దిద్దలేదు. దిద్దుదామని నోరు తెరిచేసరికి పాట అందుకున్నారని సాల్మన్‌తో చెప్పింది. పాట నాలుగు చరణాలే కదా అని సాల్మన్ అన్నాడు, అంతకన్నా సాగదీయలేదు.

2005 వానల్లో డెబ్భై ఎనిమిది కిలోలతో దోనె ఎక్కింది. డబ్బా పక్కనే పెట్టుకుంది. లంక రేవులో ఆడవాళ్ళు చేపలబుట్టలు దింపేసి వచ్చి ఆమె నడుం చుట్టూ చేతులేసి చూశారు. అంత సంతోషం ఆమెకి పెళ్ళినాడు కూడా లేదు.

మొదటి ఏడాది తీపి తింటే ఒళ్ళంతా చెమటలు పోసి గుండె దడదడలాడేది. ఆ భయమే ఆమెని కాపాడింది. రెండో ఏడాదికి ఒంటికి అలవాటైపోయింది, చెమటలు ఆగిపోయాయి. ముద్ద ఎక్కువ దిగదు గానీ, కొంచెం కొంచెంగా ఎన్నిసార్లయినా దిగుతుంది. గవర్నమెంటువాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన 2006లో, నవంబర్లో దోనె ఎక్కబోతే ఏసోబు ఆమెని సరిగ్గా మధ్యలో కూర్చోమని, డబ్బాని ఒళ్ళో పెట్టుకోమన్నాడు.

"ఏం ఏసోబూ?"

"ఏం లేదండి. గాలండి" అన్నాడు ఏసోబు. ఆకు కదలడం లేదు.

క్రిస్మస్‌కి తొంభై రెండు. పెద్ద డాక్టరు నరసింహమూర్తిగారు నెమ్మదస్థుడు. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "దోనెలో ఏదైనా జరిగితే నా పీకకి చుట్టుకుంటుందమ్మా. జూలైలో లంకలు ఎవరికి వెయ్యాలో అప్పుడు చూద్దాం" అన్నారు. ఏసోబుని అడిగితే, వేళ్ళ మీద ఏవో లెక్కలు వేసి, ఎనభై అయిదు లోపుంటే తనకి భయం లేదన్నాడు. అంటే ఆర్నెల్లలో ఏడు కిలోలు.

ఏలూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి మెహర్ అనే అమ్మాయి కొత్తగా వచ్చింది. తిండి గురించి మాత్రమే చెప్పే డాక్టరమ్మ. పాతికేళ్ళు నిండాయో లేదో, మనిషి గట్టిది. విక్టోరియా చెప్పిందంతా విని, మళ్ళీ కోతలక్కర్లేదండీ అంది. వరసగా నాలుగు కాగితాల మీద తెలుగులో రాసిన పట్టిక ఇచ్చింది. ప్రతి తిండికీ పాయింట్లు. ఇడ్లీ ఒకటి, గుడ్డు ఒకటిన్నర, నూనె లేకుండా ఉడికించిన కొర్రమీను ముక్క ఒకటి, పంచదార వేసిన టీ ఒకటిన్నర, బూరె నాలుగు. పల్చటి మజ్జిగకీ ఉడికించిన ఆకుకూరకీ సున్నా. రోజుకి ఇరవై దాటకూడదు. ముందు గుడ్డో చేపో పప్పో తినాలి, అన్నం ఆఖర్న.

"ఏది తిన్నా తిన్న వెంటనే రాయాలండీ మేడమ్. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాస్తే కుదరదండీ."

రాయడం విక్టోరియాకి కొత్తా? ఆమె రిజిస్టర్ల మనిషి. రెండొందల పేజీల నోట్‌బుక్ కొని, నిలువు గళ్ళు గీసి, తేదీ, టైము, పదార్థం, పాయింట్లు అని ఎర్ర సిరాతో తలకట్టు రాసింది. ఎంగిలి పడ్డ ప్రతిదీ ఎక్కించింది. లంకలో ఎవరో బలవంతంగా చేతిలో పెట్టిన అరటిపండు ఎక్కింది. సాల్మన్ పళ్ళెంలోంచి తీసుకున్న వడియం అర పాయింటుగా ఎక్కింది. జనవరి ఆఖరికి రెండు కిలోలు తగ్గింది. ఫిబ్రవరి మూడో వారానికి ఇంకొకటి. ఆ సంతోషంలో సాల్మన్‌కి కూడా పాయింట్లు వేసి అతని ప్రాణం తీసింది.

మార్చి మధ్యలో ఏలూరు వెళ్తే తొంభై ఒకటిన్నర.

మెహర్ కాటాని రెండుసార్లు సరిచేసింది. తరవాత నోట్‌బుక్ తీసి పేజీలు తిప్పింది. రోజూ పద్దెనిమిది, పంతొమ్మిది. ఒక్క రోజు కూడా ఇరవై దాటలేదు.

"అన్నీ రాస్తున్నారాండీ?"

"దేవుడి తోడు, ఒక్కటి వదల్లేదమ్మా."

"నిన్న పొద్దున లేచినప్పటినించీ ఏం చేశారో చెప్పండి. తిండి కాదండీ, పనులు చెప్పండి."

విక్టోరియా చెప్పింది. ఆసుపత్రి, బాలింత ఇల్లు, అంగన్‌వాడీలో పిల్లల బరువులు, ఇల్లు, స్నానం, ఆరున్నరకి కూడిక.

"కూడికంటే?"

"లెంటు కదమ్మా. ఈస్టరు ముందు నలభై రోజులూ మాకు శ్రమదినాలు. రోజుకొకరింట్లో ప్రార్థన."

"అక్కడేమైనా తీసుకున్నారాండీ?"

"ఏం లేదమ్మా. ప్రార్థన చేసి ఇస్తారు గదా, ఆ పళ్ళెమే."

"ఏముందండీ పళ్ళెంలో?"

విక్టోరియా వేళ్ళు మడుస్తూ చెప్పింది. ఒక లడ్డూ, చేగోడీలు, గుప్పెడు పులిహోర, టీ. మొన్న సేమియా పాయసం. అటు మొన్న రెండు బూరెలు. నిజంగా, దేవుడి తోడుగా, వాటిని తిండి కింద ఆమె ఎప్పుడూ అనుకోలేదు. సెక్రటరీ కాబట్టి పళ్ళేల మీద ప్రార్థన చేసేది ఆమే, మొదటి పళ్ళెం అందుకునేది ఆమే. కళ్ళు మూసుకుని దీవించి, కళ్ళు తెరిచి తింటుంది. అది ఆరాధనలో భాగం. ఆరాధనకి పాయింట్లేమిటి?

మెహర్ పెన్ను తీసి లెక్కవేసింది. సాయంత్రానికి తొమ్మిది, ఒక్కో రోజు పన్నెండు. నవ్వు ఆపుకోలేక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. "ఏమనుకోకండీ మేడమ్. మా ఇంట్లోనూ అంతేనండీ. రంజాన్ నెలలో మా నాన్నగారు మూడు కిలోలు పెరుగుతారండీ. పగలంతా ఉపవాసమే కదా అంటారు." తరవాత నవ్వు మానేసి, "రేపట్నించి ఆ పళ్ళెం వద్దనండి. అంతేనండీ" అంది.

అంతే అనడం ఏలూరులో కుర్చీలో కూర్చున్నవాళ్ళకి తేలిక. విక్టోరియా తల్లి మిషను రోజుల్లో బైబిల్ ఉమన్. ఊళ్ళమ్మట తిరిగి చదువు చెప్పేది. పెద్ద ఇళ్ళవాళ్ళు అరుగు మీద కూర్చుని పాఠం వినేవాళ్ళు, గ్లాసు మాత్రం చేతికిచ్చేవాళ్ళు కాదు, దోసిట్లో నీళ్ళు పోసేవాళ్ళు. ఆ తల్లి కూతురికి నేర్పింది ఒక్కటే: ఎవరింట్లోనూ పెట్టింది తినకుండా లేవకు. పేటలో ఒకరింట్లో తినకపోవడమంటే ఏమిటో అందరికీ తెలుసు. దానికి అర్థం చెప్పక్కర్లేదు.

అయినా ప్రయత్నించింది. ఒకనాడు లడ్డూని రుమాల్లో చుట్టి సంచిలో వేసుకుంది. ఇంకోనాడు పళ్ళెం పక్కావిడకి జరిపింది. నాలుగోనాటికి, బయట చెప్పులు వేసుకుంటుంటే లోపల్నించి వినబడింది. "సెక్రటరీగారికి మన ముద్ద దిగట్లేదమ్మా. ఉద్యోగం ఒంటబట్టింది." మర్నాడు కూడికలో విక్టోరియా రెండు గారెలు తిని, అందరికీ కనబడేలా మూడోది అడిగింది.

ఇంటికొచ్చి సాల్మన్ మీద విరుచుకుపడింది, అతనికేమీ సంబంధం లేకపోయినా. అతను అంతా విని, "చెప్పేస్తే పోయేదానికి ఎందుకే ఇంత? కడుపు కోశారు, తింటే పడదు అను" అన్నాడు.

"మూడేళ్ళ కిందట చెప్పాల్సిందండీ అది. ఇప్పుడు చెబితే ఆపరేషనని ఒక్కటే కాదు, గుడిలో నిలబడి మోసం చేశానని కూడా చెప్పాలి."

"మరి దోనె?"

ఆమెకి దోనె కావాలి, పేరూ కావాలి. రెండూ ఉంచుకోడానికి దారి వెతుకుతూ రెండు వారాలు తిప్పలు పడింది. ఈలోగా తొంభై రెండు దాటింది.

ఆరోవారం కూడిక అచ్చమ్మగారింట్లో. అచ్చమ్మకి అరవై దాటాయి. చేపల పాకింగు షెడ్డులో ఐసు కొట్టిన చేతులు. లావు మనిషి, మోకాళ్ళ నెప్పి, పదేళ్ళుగా షుగరు. విక్టోరియాకి వరసకి పిన్ని. ఈ మధ్య ఏడాదిలో రెండుసార్లు పంపు దగ్గర కళ్ళు తిరిగి పడిపోతే విక్టోరియాయే వెళ్ళి పంచదార నీళ్ళు పట్టి, టైముకి తిను పిన్నీ అని కేకలేసింది. ఎందుకు తినడం లేదో అడగలేదు.

ఇల్లు చిన్నది. మంచాలు బయట వేసి లోపల పట్టాలు పరిచారు. పాట, వాక్యం, అయ్యగారి ప్రసంగం అయ్యాయి. అచ్చమ్మ కోడలు సాయం చేయబోతే వద్దని, పళ్ళేలు తనే మోసుకొచ్చింది. బూరెలు. పొద్దుట్నించీ పొయ్యి దగ్గర కూర్చుని ఆ మోకాళ్ళతో వండింది. ఒక్కో బూరెకి వేలితో చిల్లుపొడిచి నెయ్యి పోసింది, పక్కన పులిహోర పెట్టింది. మొదటి పళ్ళెం విక్టోరియా ముందు పెట్టి, దీవించమ్మా అంది.

విక్టోరియా కళ్ళు మూసుకుంది. మాటలు రోజూ వచ్చేవే, నోటికి రాలేదు. వండిన చేతులకి బలమివ్వు ప్రభువా అని ఒక్క ముక్క చెప్పి ఆమెన్ అనేసింది. కళ్ళు తెరిచి, పళ్ళెం రెండు చేతులా ఎత్తి పట్టుకుని, "పిన్నీ, ఇది నేను తినలేను" అంది.

"మా ఇంట్లోనా?" అంది అచ్చమ్మ.

"ఎవరింట్లోనూ తినకూడదు పిన్నీ. నాకు పొట్ట లేదు. ఇంతే ఉంది" అని చేతివేళ్ళు కలిపి చూపించింది. తరవాత ఆగకుండా చెప్పేసింది. హైదరాబాదు, కోత, గాల్ బ్లాడరు అబద్ధం, గుడిలో ఆ రోజు చెప్పింది, చెప్పనిది. "నేను తగ్గింది ఉపవాసం వల్ల కాదు. ఆపరేషన్ చేశారు కాబట్టి ముద్ద దిగలేదు, ముద్ద దిగలేదు కాబట్టి గంజినీళ్ళు తాగాను. దాన్ని ఉపవాసం అన్నారు, నేను ఊరుకున్నాను. నన్ను క్షమించండి."

అయ్యగారు బైబిల్లో ఏదో వెతకడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తిడతారనుకుంది, నవ్వుతారనుకుంది, దేనికైనా సిద్ధపడే వచ్చింది. అచ్చమ్మ గోడకి చేరగిలబడి మెల్లిగా కిందకి కూర్చుంది.

"మరి నన్నెందుకు మాడ్చేవమ్మా?"

"నేనా పిన్నీ?" అంది విక్టోరియా.

"నీ సాక్ష్యం విన్నప్పట్నించీ శుక్రవారం శుక్రవారం ఈ ఒళ్ళు తగ్గాలని నేనూ ఉపవాసం ఉంటన్నాను. ఈ లెంటుకి నలభై రోజులూ పట్టేను. పొద్దున బిళ్ళ మింగి గంజినీళ్ళు తాగి పడుకుంటన్నాను. పంపు కాడ పడ్డానంటే అందుకే. నీకు జవాబొచ్చింది, నాకు రాలేదు. నాలో ఏదో పాపముంది కాబోలు, దేవుడు మొహం తిప్పుకున్నాడు అనుకుని ఎంత ఏడ్చేనో ఆయనకే తెలుసు."

షుగరు బిళ్ళ మింగి తిండి మానేస్తే ఏమవుతుందో ఆ గదిలో తెలిసింది విక్టోరియాకొక్కదానికే. ఇన్నాళ్ళూ పంచదార నీళ్ళు పట్టి వెళ్ళిపోయింది. "ఇవాళ బిళ్ళ మింగేవా?" అంది. మింగేనంది. "ఏమైనా తిన్నావా?" లేదంది. విక్టోరియా చేతిలో పళ్ళెం ఆమె ముందు పెట్టి, పులిహోర ముద్ద తీసి నోటి దగ్గర పెట్టింది. అచ్చమ్మ ఆ చెయ్యి పక్కకి తోసేసింది. అయ్యగారి భార్య పాస్టరమ్మగారు పెడితే తింది.

ఆ ఆదివారం సెక్రటరీ పని ఇంకొకరికి అప్పగించారు. అయ్యగారు మర్యాదగానే, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండమ్మా అన్నారు. వందనాలు చెప్పడం కొందరు మానేశారు. కొందరు చెబుతూనే ఆమె పొట్టకేసి చూశారు. కూడికలకి ఆమె మానకుండా వెళ్ళింది, గోడవార కూర్చుంది. మజ్జిగ ఇచ్చినవాళ్ళ దగ్గర మజ్జిగ తాగింది, ఇవ్వనివాళ్ళ దగ్గర మంచినీళ్ళు అడిగి తాగింది. నోట్‌బుక్‌లో ప్రార్థన అని కొత్త గడి గీసి, దాని కింద రోజూ సున్నా వేసుకుంది. ఈస్టరు నాటికి తొంభై ఒకటి. జూన్ ఆఖరికి ఎనభై నాలుగు. నరసింహమూర్తిగారు కాగితం మీద మూడు లంకలకి ఎదురుగా ఆమె పేరు రాశారు.

కావలసింది వచ్చింది. ఆ రాత్రి అన్నం దగ్గర సాల్మన్, "ఇంకేమిటి మరి?" అని అడిగాడు. అచ్చమ్మ పిన్ని తలుపు తియ్యట్లేదండీ అంది. రెండుసార్లు వెళ్తే, పడుకుందని కోడలు చెప్పింది. లోపల్నించి దగ్గు వినబడుతూనే ఉంది. బిళ్ళలకి పిన్ని మనవరాల్ని వెంటేసుకుని భీమడోలు దాకా వెళ్తోందని, ఇక్కడి సబ్ సెంటర్ గడప తొక్కనందని తెలిసింది. విక్టోరియా చాలా ఏడ్చింది. అన్నం మాత్రం లెక్క ప్రకారమే తింది.

జూలై రెండో బుధవారం పొద్దున, టీకాల డబ్బాలో ఐసు సర్దుతుంటే గుమ్మంలో నీడ పడింది. అచ్చమ్మ, వెనక బళ్ళో చదువుకునే మనవరాలు. పిన్ని కొంచెం చిక్కింది. వచ్చి స్టూలు మీద కూర్చుని, వందనాలు చెప్పకుండా వేలు ముందుకి చాపింది.

"చూడు."

విక్టోరియా షుగరు చూసే తన సొంత మిషను తీసి సూది గుచ్చింది. ఇద్దరూ మిషను కేసే చూస్తూ కూర్చున్నారు.

"రెండొందల నలభై."

"అంటే?"

వెనకటి విక్టోరియా అయితే కొంచెం ఎక్కువుంది పిన్నీ, ప్రార్థన చేసుకుందాం అనేది. "బాలేదు" అంది. "మాడినన్నాళ్ళూ అలా పాడైంది, ఇప్పుడు తినేదాంతో ఇలా పాడవుతోంది. రోజూ ఒకే టైముకి తినాలి. ఏది ఎంతో నేను రాసిస్తాను. ఏలూరులో మెహరని ఒకమ్మాయుంది, తీసుకెళ్తాను."

"నిజమేనా?"

"నిజం పిన్నీ."

"అది తరవాత. ముందింకోటి రాయి" అంది అచ్చమ్మ. "నువ్వు తగ్గింది ఆపరేషన్ వల్లని రాయి. ఉపవాసం వల్ల కాదని రాయి. నీ సంతకం పెట్టు."

"అందరి ముందూ చెప్పేశాను కదా పిన్నీ."

"మా ఇంట్లో ఉన్నదెంతమంది, పాతికమంది. వినబడనివాళ్ళున్నారు. విన్నా నమ్మనివాళ్ళున్నారు. నువ్వు విశ్వాసంలో దిగజారిపోయేవని, అందుకే అలా అంటన్నావని, తాము దిగజారమని ఇంకా పట్టుదలగా ఉంటన్నారు. కిందపేటలో నలుగురు మాడతన్నారమ్మా. ఇద్దరికి నాలాగే షుగరు. నేను చెబితే నాకు విశ్వాసం చాల్లేదంటన్నారు."

విక్టోరియా రిజిస్టర్లోంచి కాగితం చించి రాసింది. నేను తగ్గింది ఆపరేషన్ వల్ల. ఉపవాసం వల్ల కాదు. షుగరు బిళ్ళ వేసుకునేవాళ్ళు తిండి మానకూడదు, ప్రాణానికి ప్రమాదం. కింద సంతకం పెట్టింది. మనవరాలు దాన్ని అందుకుని గట్టిగా చదివింది. అచ్చమ్మ ప్రతి వాక్యానికీ తలూపి, "ముద్ర కూడా వెయ్యి" అంది. సబ్ సెంటర్ ముద్ర వేసింది.

రేవులోంచి ఏసోబు కేకేశాడు. "అమ్మగారూ, బయల్దేరదామాండీ? మబ్బు పడతందండీ."

కాగితం అచ్చమ్మ చేతిలో ఉంది. ఆమె స్టూలు మీంచి లేవబోయి మోకాళ్ళు పట్టుకుని ఆగింది. విక్టోరియా డబ్బా మూత గట్టిగా బిగించి నీడలోకి జరిపింది. ఐసు ఇంకా చాలాసేపు ఉంటుంది. బయటికొచ్చి, "ఒక గంట ఆగు ఏసోబూ" అని కేకేసి, వెనక్కి వచ్చి పిన్ని మోచెయ్యి పట్టుకుంది. ఈసారి అచ్చమ్మ ఆ చెయ్యి తోసెయ్యలేదు. ఇద్దరూ కిందపేటకి నడిచారు. మొదటి ఇంట్లో ఆవిడ తలుపు ఓరగా తీసి, విక్టోరియాని చూసి మళ్ళీ వెయ్యబోయింది.

"వదినా, నేను చెప్పింది అబద్ధం" అంది విక్టోరియా గుమ్మంలోనే నిలబడి. "పొద్దుట్నించీ ఏం తిన్నావు?"